ఒకే ద్రావణం, వేర్వేరు సెల్‌లు: డెల్టాలో ఆర్గానిక్ సోలార్ సెల్ ప్రాజెక్టు డైరీ

భీమవరం దగ్గర్లోని ఒక డిగ్రీ కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో ఆర్గానిక్ సోలార్ సెల్‌లు, అంటే సిలికాన్ బదులు ప్లాస్టిక్ లాంటి కర్బన పదార్థాలతో చేసే సోలార్ సెల్‌లు, తయారుచేసే పని జరుగుతోంది. మాకు వ్యాక్యూమ్ చాంబరు లేదు, గ్లవ్ బాక్స్ లేదు, నానోమీటర్ల స్థాయిలో చూపించే మైక్రోస్కోపు అసలే లేదు. ఉన్నవి ఒక మామూలు మెటలర్జీ మైక్రోస్కోపు, కెమిస్ట్రీ వాళ్ల స్పెక్ట్రోఫోటోమీటరు (పదార్థం ఏ రంగు కాంతిని ఎంత పీల్చుకుంటుందో కొలిచేది), ఒక హాట్‌ప్లేట్, ఫైనల్ ఇయర్ పిల్లల ఓపిక. ఇవే పరికరాలున్న కాలేజీలు మన జిల్లాల్లో చాలా ఉన్నాయి. వాళ్లు ఈ పనిని మళ్లీ చేయగలగాలి, మాకు పోయిన గాజు, పోయిన పాలిమరు వాళ్లకు పోకూడదు. ఈ డైరీ అందుకే.

మేం పట్టుకున్న ప్రశ్న ఒక్కటే. పదార్థాలు అవే, పాళ్లు అవే, మందం అదే. పొర ఆరే తీరు మారితే సెల్ ఇచ్చే కరెంటు ఎంత మారుతుంది?

0వ దశ: ఏ పొర మీద ఏ పొర

కింది నుంచి పైకి చెప్తాను.

1. గాజు, దాని మీద ఐటీఓ. ఇండియం టిన్ ఆక్సైడ్ పూత ఇది. కాంతిని పోనిస్తుంది, కరెంటునూ పోనిస్తుంది. మా గాజుది చదరానికి 15 ఓమ్‌లు.
2. పెడాట్-పీఎస్‌ఎస్, కరెంటును పోనిచ్చే పాలిమరు, దాదాపు 40 నానోమీటర్లు. నీళ్లలో కలిసిన నీలం సిరాలా వస్తుంది.
3. అసలు పొర: పీ3హెచ్‌టీ అనే పాలిమరు, పీసీబీఎం అనే ఫులరీన్ (కర్బన పరమాణువులు బంతిలా అమరిన అణువు) కలిపిన మిశ్రమం. 100 నుంచి 200 నానోమీటర్లు.
4. పై ఎలక్ట్రోడు. పెద్ద ల్యాబుల్లో వ్యాక్యూమ్‌లో అల్యూమినియం ఆవిరి పట్టిస్తారు. మేం గాలియం-ఇండియం మిశ్రమలోహం వాడాం. బరువులో మూడొంతులు గాలియం, ఒక వంతు ఇండియం. ఇది 16 డిగ్రీల దగ్గరే కరుగుతుంది కాబట్టి మన దగ్గర ఏడాదంతా ద్రవంగానే ఉంటుంది. సిరంజితో ఒక బొట్టు పెడితే ఎలక్ట్రోడు తయారు.

పీ3హెచ్‌టీ ఇప్పుడు రికార్డులు కొట్టే పదార్థం కాదు. 2019లో చైనా పరిశోధకులు వై6 అనే అణువుతో సామర్థ్యంలో (పడ్డ కాంతి శక్తిలో కరెంటుగా మారే వంతు) 15 శాతం దాటారు, ఆ దారిలో వచ్చినవి ఇవాళ 19 శాతం పైన ఉన్నాయి. అయినా పీ3హెచ్‌టీనే ఎంచుకున్నాం. గాలిలో కాస్త తట్టుకుంటుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, దాని లోపలి అమరిక మారితే రంగు మారుతుంది. పెద్ద మైక్రోస్కోపు లేనివాళ్లకు ఆ రంగే ఆధారం.

చేతిలో ఉన్నది: పీ3హెచ్‌టీ 250 మి.గ్రా., పీసీబీఎం 250 మి.గ్రా., 10 సెం.మీ. ఐటీఓ గాజు పలకలు రెండు.

1వ దశ: గాజు కోయడం, ఐటీఓ చెక్కడం

20 మి.మీ. చదరాలుగా కోశాం. గాజు కోసే చక్రాన్ని ఐటీఓ లేని వైపే నడపాలి. ఏ వైపు ఐటీఓ ఉందో మల్టీమీటరు చెప్తుంది. కోతలో నాలుగు ముక్కలు పోయాయి.

చెక్కడానికి జింక్ పొడి, హైడ్రోక్లోరిక్ ఆమ్లం.

1. ఉంచాల్సిన చోట కాప్టన్ టేపు గట్టిగా అదిమి అంటించాలి.
2. మిగిలిన చోట జింక్ పొడి పలుచగా చల్లాలి.
3. సగానికి సగం నీళ్లు కలిపిన ఆమ్లాన్ని డ్రాపరుతో వేయాలి. పొంగు ఆగాక ఇయర్ బడ్‌తో తుడవాలి.
4. మల్టీమీటరు అనంతం చూపించేదాకా మళ్లీ చేయాలి.

జింక్ ఎక్కువైతే ఆమ్లం టేపు కిందికి పాకి గీత అంచును తినేస్తుంది. మూడు ముక్కలు అలా పోయాయి. పొడి పలుచగా పడటానికి టీ వడపోసే జల్లెడ వాడటం మొదలెట్టాక ఆ ఇబ్బంది తీరింది.

కడగడం: సబ్బు నీళ్లు, డిస్టిల్డ్ వాటర్, అసిటోన్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఇదే వరసలో. కళ్లజోళ్లు కడిగే చిన్న అల్ట్రాసోనిక్ తొట్టి సరిపోయింది.

ఇప్పటిదాకా: గాజు ముక్కలు 43 మిగిలాయి.

2వ దశ: స్పిన్ కోటర్

గాజును వేగంగా తిప్పి, దాని మీద వేసిన ద్రావణాన్ని పలుచటి పొరగా పరిచే యంత్రం ఇది. మాది డ్రోన్ మోటారు, దాని స్పీడ్ కంట్రోలరు, ఆర్డుయినో బోర్డుతో చేసింది. వేగాన్ని ఆప్టికల్ టాకోమీటరుతో కొలిచాం. 3000 ఆర్‌పీఎం దాటగానే పెట్టె మొత్తం వణికింది. గాజు మీద వేసిన రంగు నీళ్లు ఒక వైపు మందంగా, మరో వైపు పలుచగా ఆరాయి. ప్రోగ్రాం మార్చి చూశాం, మోటారు కింద రబ్బరు పెట్టి చూశాం, తగ్గలేదు.

మా ఊళ్లో రొయ్యల చెరువుల ఏరేటర్ మోటార్లు బాగుచేసే మెకానిక్ ఒకాయన ఉన్నాడు. ఆయన దగ్గరికి తీసుకెళ్తే చెవి దగ్గర పెట్టుకుని విని, "ఆయ్, మోటారుది కాదండి మాస్టారూ. పైన బిళ్లదండి తప్పు, బరువు ఒక పక్కకుంది" అన్నాడు. త్రీడీ ప్రింట్ చేసిన బిళ్ల తీసేసి లేతు మీద అల్యూమినియం బిళ్ల తిప్పించి ఇచ్చాడు. గాజు కూర్చోవడానికి అందులో ఒక మి.మీ. లోతు చదరపు గూడు చెక్కించాం. డబుల్ సైడ్ టేపు అవసరం పోయింది. టేపు మీద గాజు ఎప్పుడూ కాస్త వాలి ఉంటుంది, తీసేటప్పుడు జిగురు అంటుకుంటుంది.

ఒక జాగ్రత్త. గాలియం అల్యూమినియాన్ని లోపలికంటా తినేసి పెళుసుగా చేస్తుంది. ఎలక్ట్రోడు పెట్టే బల్ల వేరు, కోటింగ్ బల్ల వేరు. హాట్‌ప్లేట్ తలం అల్యూమినియమైతే దానికీ ఇదే నియమం.

3వ దశ: పెడాట్

కడిగిన గాజు మీద పెడాట్ నిలవలేదు, తామరాకు మీద నీటిబొట్టులా జారిపోయింది. యూవీ-ఓజోన్ యంత్రంతో గాజు తలాన్ని ఉత్తేజపరచాకే ఈ పొర వేయడం మామూలు పద్ధతి. మాకు ఆ యంత్రం లేదు. చేసిన మార్పు: పెడాట్ మూడు పాళ్లకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక పాలు. అంతే, గాజంతా సమంగా పరుచుకుంది.

1. 0.45 మైక్రాన్ల ఫిల్టరు గుండా వడపోత.
2. 4000 ఆర్‌పీఎం, 40 సెకన్లు.
3. కాంటాక్టు పెట్టే అంచును తడి బడ్‌తో తుడవడం.
4. 130 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు.

ఈ పొర తేమను పీల్చుకుంటుంది. హాట్‌ప్లేట్ మీంచి తీసిన గాజును బల్ల మీద వదిలేస్తే మన గాలికి నిమిషాల్లోనే మళ్లీ చెమ్మగిల్లుతుంది. వేడి మీదే డ్రై బాక్స్‌లోకి (సిలికా జెల్ ఉన్న పొడి డబ్బా, 4వ దశలో చెప్తాను) పోవాలి.

పాడైన పెడాట్ నీళ్లతో పోతుంది కాబట్టి గాజు నష్టం లేదు. 43 అలాగే ఉన్నాయి.

4వ దశ: క్లోరోఫాం, తెల్ల మసక

పీ3హెచ్‌టీ, పీసీబీఎంలను కరిగించడానికి మేం అడిగిన క్లోరోబెంజీన్ ఆలస్యమైంది. ల్యాబులో క్లోరోఫాం ఉంది, అది కూడా ఈ రెంటినీ కరిగిస్తుంది. 1 మి.లీ.లో 15 మి.గ్రా. పీ3హెచ్‌టీ, 12 మి.గ్రా. పీసీబీఎం కరిగించి కోటింగ్ వేశాం. కార్తీక మాసం, వాన వెలిసిన ఉదయం. గదిలో 29 డిగ్రీలు, తేమ 84 శాతం.

గాజు తిరుగుతుండగానే పొర పాల రంగుకు మారింది. మైక్రోస్కోపులో 400 రెట్లు పెంచి చూస్తే రెండు మూడు మైక్రాన్ల గుండ్రటి గుంటలు, వరుసలు కట్టి ఉన్నాయి.

కారణం లెక్కలో దొరికింది. క్లోరోఫాం 61 డిగ్రీలకే మరుగుతుంది. సెకన్లలో ఆవిరైపోతూ పొరలోని వేడిని తీసుకుపోతుంది. 29 డిగ్రీల గాలిలో 84 శాతం తేమ ఉంటే మంచు బిందువు 26 డిగ్రీల దగ్గర ఉంటుంది. అంటే పొర మూడు డిగ్రీలు చల్లబడితే చాలు, దాని మీద నీటి బిందువులు కడతాయి. ఆ బిందువులు మెత్తటి పొరలో కూరుకుని, తర్వాత ఆరిపోయి గుంటలు మిగులుస్తాయి. అలాంటి పొర మీద గాలియం బొట్టు పెడితే అది గుంటల్లోంచి దిగి పెడాట్‌ను తాకుతుంది. నాలుగు సెల్‌లూ షార్టే.

మార్చినవి రెండు.

1. అరవై లీటర్ల మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో స్పిన్ కోటర్‌ను పెట్టాం. పక్కకు రెండు రంధ్రాలు కోసి పొడవాటి రబ్బరు గ్లవ్స్ బిగించాం. అడుగున రెండు కిలోల సిలికా జెల్. ముక్కాలుగంటలో తేమ 30 శాతానికి దిగింది. 30 డిగ్రీల దగ్గర ఈ తేమకు మంచు బిందువు 11 డిగ్రీల లోపే, కాబట్టి పొర దాదాపు 20 డిగ్రీలు చల్లబడితే తప్ప నీరు కట్టదు. రంగు మారిన జెల్‌ను ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచితే మళ్లీ పనికొస్తుంది.
2. క్లోరోఫాం వదిలేసి క్లోరోబెంజీన్ వచ్చేదాకా ఆగాం. అది 132 డిగ్రీలకు మరుగుతుంది, నిదానంగా ఆరుతుంది.

ఈ ద్రావకాలు విషపూరితం. ఫ్యూమ్ హుడ్ కింద, నైట్రైల్ గ్లవ్స్‌తోనే పని. డబ్బా తెరిచేది కూడా హుడ్ కిందే. మిగిలినది సింకులో పోయకూడదు. డెల్టాలో సింకు నీళ్లు డ్రైన్‌లోకి, డ్రైన్ నీళ్లు ఎవరో ఒకరి చెరువులోకి పోతాయి. లేబుల్ రాసిన సీసాలో వేరుగా దాచి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే సంస్థకే ఇవ్వాలి. ఈ ఒక్క ఏర్పాటు చేసుకోలేనివాళ్లు ఈ ప్రాజెక్టు మొదలుపెట్టొద్దు.

ఇప్పటిదాకా: పీ3హెచ్‌టీ 235, పీసీబీఎం 238 మి.గ్రా. గాజు 39.

5వ దశ: కాంతిని కొలవడం

సెల్ వెలిగించడానికి మొదట 500 వాట్ల హాలోజెన్ ల్యాంపు పెట్టాం. దాని తీవ్రతను చిన్న సిలికాన్ సెల్‌తో సరిచూస్తే సూర్యుడికి సమానమనే వచ్చింది. కానీ మా పీ3హెచ్‌టీ సెల్‌ను ల్యాంపు కింద నుంచి తీసి ఎండలో పెడితే కరెంటు దాదాపు రెట్టింపు! హాలోజెన్ కాంతిలో ఎక్కువ భాగం పరారుణం. సిలికాన్ 1100 నానోమీటర్ల దాకా చూస్తుంది, పీ3హెచ్‌టీ 650 దాటితే చూడదు. సిలికాన్‌తో తూచిన హాలోజెన్ వెలుగు పీ3హెచ్‌టీకి సగం వెలుగు కిందే లెక్క.

ల్యాంపు పక్కన పెట్టేశాం. కొలతలన్నీ డాబా మీద, మబ్బు లేని మధ్యాహ్నం, పదకొండున్నర నుంచి పన్నెండున్నర లోపు. పక్కనే సిలికాన్ సెల్ ఉంటుంది, దాని కరెంటుతో భాగించి ఒక సూర్యుడికి సరిచేస్తాం. వోల్టేజి మార్చడానికి 12 బిట్ డీఏసీ బోర్డు, చదవడానికి 16 బిట్ ఏడీసీ, మధ్యలో 100 ఓమ్‌ల రెసిస్టరు.

సెల్ వైశాల్యం: కాప్టన్ టేపుకు తోలు పంచ్‌తో 3 మి.మీ. రంధ్రం కొట్టి పొర మీద అంటించి, ఆ రంధ్రంలో గాలియం బొట్టు. 0.07 చదరపు సెం.మీ. వస్తుంది. టేపు లేకుండా బొట్టు పెడితే ప్రతిసారీ వైశాల్యం మారి ఏ రెండు సెల్‌లనూ పోల్చలేం.

ఇకపై మూడు అంకెలు ఇస్తాను: షార్ట్ సర్క్యూట్ కరెంటు (సెల్ రెండు కొసలూ నేరుగా కలిపితే వచ్చేది, చ.సెం.మీ.కు మిల్లీ ఆంపియర్లలో), ఓపెన్ సర్క్యూట్ వోల్టేజి (ఏమీ కలపనప్పుడు ఉండేది), ఫిల్ ఫ్యాక్టర్ (ఆ రెంటి లబ్ధంలో సెల్ నిజంగా ఇవ్వగలిగేది ఎంత వంతో చెప్పే అంకె). మూడూ గుణిస్తే చ.సెం.మీ.కు మిల్లీవాట్లు. ప్రామాణిక సూర్యకాంతి చ.సెం.మీ.కు 100 మిల్లీవాట్లు కాబట్టి ఆ అంకె సామర్థ్య శాతంలా కనిపిస్తుంది. డాబా మీద కొలిచినదాన్ని మేం సామర్థ్యం అని పిలవం. మా సెల్‌లను మాలో మేం పోల్చుకోవడానికే ఆ అంకె.

6వ దశ: మొదటి క్లోరోబెంజీన్ సెల్‌లు

1 మి.లీ.లో 20 మి.గ్రా. పీ3హెచ్‌టీ, 16 మి.గ్రా. పీసీబీఎం. 60 డిగ్రీల దగ్గర రాత్రంతా కలియబెట్టి, 0.45 మైక్రాన్ల టెఫ్లాన్ ఫిల్టరు గుండా వడపోసి, 1000 ఆర్‌పీఎం దగ్గర 60 సెకన్లు. ఆరు గాజులు, ఒకదాని వెంట ఒకటి, మధ్యలో డబ్బా తెరవకుండా.

మొదటి గాజు: కరెంటు 2.4, వోల్టేజి 0.61, ఫిల్ ఫ్యాక్టర్ 0.31. అంటే 0.45 మిల్లీవాట్లు.

ఆరో గాజు: కరెంటు 4.1, వోల్టేజి 0.59, ఫిల్ ఫ్యాక్టర్ 0.38. అంటే 0.92.

ద్రావణం ఒకటే, వేగం ఒకటే, సమయం ఒకటే. రెండింతల తేడా! కొలతలో పొరపాటేమోనని రెండింటినీ తిప్పి తిప్పి కొలిచాం, అవే అంకెలు. అప్పుడు రెండు గాజుల్నీ తెల్లకాగితం మీద పక్కపక్కన పెట్టి చూస్తే, మొదటిది నారింజ కలిసిన గోధుమ రంగు, ఆరోది ఊదా వైపు తిరిగిన ఎరుపు. నడుమనున్న నాలుగూ ఆ రెండు రంగుల మధ్య వరసగా ఉన్నాయి.

మారింది డబ్బా లోపలి గాలి. ఒక్కో గాజు వేసేకొద్దీ లోపల క్లోరోబెంజీన్ ఆవిరి పెరిగింది. గాలిలో ఆవిరి ఎక్కువుంటే పొరలోని ద్రావకం తొందరగా పోదు. మొదటి గాజు తిరుగుతుండగానే ఆరింది. ఆరోది మోటారు ఆగాక కూడా ఇంకా తడిగా మెరుస్తూ ఉంది. ఆ అదనపు సమయంలో పాలిమరు గొలుసులు సర్దుకున్నాయి.

ఇప్పటిదాకా: పీ3హెచ్‌టీ 215, పీసీబీఎం 222 మి.గ్రా. గాజు 33.

మధ్యలో: లోపల ఏం జరుగుతోంది

ఇది అర్థం కాకుండా తర్వాతి దశలు చేయడం దండగ, అందుకే కాస్త ఆగి రాస్తున్నాను.

సిలికాన్‌లో కాంతి పడగానే ఎలక్ట్రాను, హోల్ (ఎలక్ట్రాను వదిలిన ఖాళీ, ధనావేశంలా కదులుతుంది) విడివిడిగా తిరుగుతాయి. ప్లాస్టిక్‌లో అలా కాదు. రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని జంటగా ఉంటాయి, ఆ జంట పేరు ఎక్సైటాన్. అది 10 నానోమీటర్ల దాకా ప్రయాణించగలదు. ఆ లోపు పాలిమరు, ఫులరీన్ కలిసే హద్దు తగలాలి. తగిలితే ఎలక్ట్రాను ఫులరీన్‌లోకి దూకుతుంది, జంట విడిపోతుంది. తగలకపోతే అక్కడే ఆరిపోతుంది. విడిపోయాక ఇంకో షరతు ఉంది. హోల్‌కు పాలిమరు గుండా ఐటీఓ దాకా, ఎలక్ట్రానుకు ఫులరీన్ గుండా పై ఎలక్ట్రోడు దాకా తెగని దారి ఉండాలి.

మన డెల్టా రైతుకు ఇది వెంటనే అర్థమవుతుంది. ప్రతి చేనుకూ పంట కాలువా అందాలి, మురుగు కాలువా అందాలి. రెండూ దగ్గరగా ఉండాలి, కానీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోకూడదు, ఏదీ మధ్యలో పూడిపోకూడదు. పొర మరీ తొందరగా ఆరితే పాలిమరు, ఫులరీన్ అణువు అణువుగా కలిసిపోయి ఉంటాయి. హద్దులు బోలెడు, దారులు లేవు. విడిపోయిన ఛార్జీలు ఎటూ పోలేక మళ్లీ కలిసిపోతాయి, ఫిల్ ఫ్యాక్టర్ 0.31కి పడిపోవడం దాని గుర్తే. మరీ విడిపోతే దారులు వెడల్పు, కానీ ఎక్సైటాన్‌కు హద్దు అందదు. పదుల నానోమీటర్ల మధ్యస్థ స్థితి కావాలి.

ఈ రంగంలో పెద్ద అంగలు చాలావరకు ఈ మధ్యస్థ స్థితిని పట్టుకోవడంలోనే పడ్డాయి. 1986లో చింగ్ టాంగ్ రెండు పొరల్ని ఒకదాని మీద ఒకటి పెట్టి సామర్థ్యాన్ని 1 శాతం దగ్గరికి తెచ్చాడు. 1995లో రెంటినీ కలిపేసిన మిశ్రమ పొర వచ్చింది. 2001లో షహీన్ బృందం వేరే పాలిమరుతో, కేవలం టోల్వీన్ బదులు క్లోరోబెంజీన్ వాడి 0.9 నుంచి 2.5 శాతానికి తీసుకెళ్లింది. 2003లో పాడింగర్ బృందం పీ3హెచ్‌టీ సెల్‌ను వేడిచేసి, దాంతోపాటు వోల్టేజి కూడా ఇచ్చి 3.5 శాతం సాధించింది. 2005లో లాస్ ఏంజెలెస్‌లో యాంగ్ యాంగ్ బృందం పొరను నిదానంగా ఆరనిచ్చి 4.4 శాతం చూపింది. మా డబ్బాలో ఆరో గాజుకు జరిగింది ఈ చివరిదే.

నానోమీటర్లు కనపడని మాకు ఆధారం స్పెక్ట్రోఫోటోమీటరు. పీ3హెచ్‌టీ గొలుసులు చిందరవందరగా ఉంటే శోషణ (కాంతిని పీల్చుకోవడం) 450–500 నానోమీటర్ల వైపు జరుగుతుంది. ఒకదాని మీద ఒకటి చక్కగా పేర్చుకుంటే 550 దగ్గర, 605 దగ్గర ఉబ్బులు లేస్తాయి. మేం 605 దగ్గరి శోషణను 550 దగ్గరి శోషణతో భాగించి ఒక అంకె రాసుకున్నాం. మొదటి గాజుకు 0.41, ఆరోదానికి 0.53.

7వ దశ: వేడి చేయడం

పీ3హెచ్‌టీ పొరను 140 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు ఉంచాలని ఎక్కడ చూసినా ఉంటుంది. ప్లేటు మీద 140 పెట్టి చేస్తే శోషణ అంకె 0.46 దాటలేదు. ఒక గాజు మీద కె-టైప్ థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే తీగ) అంటించి చూస్తే ప్లేటు మధ్యలో 126, అంచున 117. పైన సీలింగ్ ఫ్యాన్ తిరుగుతోంది. ఫ్యాన్ ఆపితే మధ్యలో 133కు వచ్చింది.

మార్పులు:

1. ఫ్యాన్ ఆపి, గాజు మీద పెట్రీ డిష్ బోర్లించడం.
2. ప్లేటు మధ్యలో రెండే గాజులు పెట్టడం.
3. డిస్‌ప్లే కాదు, గాజు మీది థర్మోకపుల్ 140 చూపేదాకా పెంచడం. మా ప్లేటుకు అది 152 దగ్గర వచ్చింది.
4. వేడిచేసేది గాలియం పెట్టకముందే, డ్రై బాక్స్‌లోనే.

తొందరగా ఆరిన గాజునే తీసుకుని, అంటే డబ్బా గాలి మార్చి వేసిన పొరనే, 140 దగ్గర 10 నిమిషాలు ఉంచాం. మూడో నిమిషానికే గోధుమ రంగు ఊదాగా మారడం పిల్లలు కళ్లారా చూశారు. శోషణ అంకె 0.60. కరెంటు 6.3, వోల్టేజి 0.57, ఫిల్ ఫ్యాక్టర్ 0.48. అంటే 1.72 మిల్లీవాట్లు. వేడిచేయని దానికి దాదాపు నాలుగింతలు.

వోల్టేజి కాస్త తగ్గింది, గమనించండి. గొలుసులు పేర్చుకునేకొద్దీ పాలిమరులో హోల్ శక్తిస్థాయి కొద్దిగా పైకి జరుగుతుంది, ఆ మేరకు వోల్టేజి పోతుంది. కరెంటు, ఫిల్ ఫ్యాక్టర్‌లలో వచ్చే లాభం ముందు అది చిన్నది.

8వ దశ: ఎక్కువైతే

160 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి చూశాం. కావాలనే చేశాం, ఎందుకంటే హద్దు తెలియకుండా 10 నిమిషాలు అనే అంకెను నమ్మడం ఇష్టం లేదు.

మైక్రోస్కోపులో పొర నిండా నల్లటి సూదులు. కొన్ని 20 మైక్రాన్ల పొడవు, చుట్టూ లేత రంగు వలయం. ఆ సూదులు పీసీబీఎం స్ఫటికాలు. చుట్టుపక్కల ఫులరీన్ అంతా సూదిలోకి చేరిపోయి, ఆ వలయంలో పాలిమరు ఒంటరిగా మిగిలింది. ఎక్సైటాన్ ప్రయాణించేది 10 నానోమీటర్లు, ఇక్కడ హద్దు మైక్రాన్ల దూరానికి పోయింది.

కరెంటు 3.9, వోల్టేజి 0.54, ఫిల్ ఫ్యాక్టర్ 0.42. మొత్తం 0.88.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి. ఈ గాజు శోషణ అంకె 0.62. అంటే 10 నిమిషాల దానికన్నా ఎక్కువే! స్పెక్ట్రం ఒక్కటే చూసుంటే ఇదే మంచి పొర అనుకునేవాళ్లం. 605 ఉబ్బు పాలిమరు లోపలి క్రమం గురించి చెప్తుంది గానీ, ఫులరీన్ ఎక్కడికి పోయిందో చెప్పదు. దానికి మైక్రోస్కోపు కావాలి. రెండూ కలిపి చూడకుండా ఏ పొరనూ మంచిదనొద్దు.

ఇప్పటిదాకా (7, 8 దశలు కలిపి): పీ3హెచ్‌టీ 175, పీసీబీఎం 190 మి.గ్రా. గాజు 21.

9వ దశ: నిదానంగా ఆరనివ్వడం

ఆరో గాజుకు తనంతట తానే జరిగినదాన్ని ఈసారి లెక్క ప్రకారం చేశాం.

1. ప్రతి గాజుకు ముందు డబ్బాలోకి పొడి గాలి పంపి ఆవిరిని తోసేయడం. అక్వేరియం పంపు, సిలికా జెల్ గొట్టం చాలు.
2. 60 సెకన్ల బదులు 25 సెకన్లే తిప్పడం. పొర ఇంకా తడిగా ఉంటుంది.
3. వెంటనే చిన్న పెట్రీ డిష్ బోర్లించడం. లోపల అంచున నాలుగు చుక్కల క్లోరోబెంజీన్.
4. రంగు పూర్తిగా మారేదాకా ఆగడం.
5. తర్వాత 110 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు, మిగిలిన ద్రావకం పోవడానికి.

చుక్కలు డిష్ పైకప్పు మీద వేసినప్పుడు ఒకటి జారి పొర మీద పడి గుండ్రటి మచ్చ చేసింది. ఫిల్టర్ పేపరు ముక్కను తడిపి డిష్ అంచున ఇరికిస్తే ఆ బెడద లేదు. ఆరే సమయం పావుగంట దాటితే లాభం పెరగలేదు. అరగంట దాటిన వాటిలో మందం ఒక మూలకు చేరింది, బల్ల మట్టంగా లేదని అప్పుడు తేలింది. స్పిరిట్ లెవెల్ పెట్టి సరిచేశాం.

ఫలితం: శోషణ అంకె 0.68. కరెంటు 6.9, వోల్టేజి 0.56, ఫిల్ ఫ్యాక్టర్ 0.52. మొత్తం 2.0 మిల్లీవాట్లు. మైక్రోస్కోపులో సూదుల జాడ లేదు.

ఇప్పటిదాకా: పీ3హెచ్‌టీ 155, పీసీబీఎం 174 మి.గ్రా. గాజు 14.

| పొర | శోషణ అంకె | కరెంటు | మి.వాట్లు |
|---|---|---|---|
| తొందరగా ఆరినది | 0.41 | 2.4 | 0.45 |
| 140 డిగ్రీలు, 10 ని. | 0.60 | 6.3 | 1.72 |
| 160 డిగ్రీలు, గంట | 0.62 | 3.9 | 0.88 |
| నిదానంగా ఆరినది | 0.68 | 6.9 | 2.0 |

10వ దశ: మన గాలిలో ఎన్నాళ్లు

బల్ల మీద వదిలేసిన మంచి సెల్ మర్నాటికి సగం కరెంటు, మూడో రోజుకు ఐదో వంతు. లోపలి అమరిక చెదిరిపోయిందా? స్పెక్ట్రం తీస్తే శోషణ అంకె 0.67, దాదాపు మారలేదు. మైక్రోస్కోపులోనూ పొర శుభ్రంగానే ఉంది. అంటే అసలు పొర బాగానే ఉంది, చెడింది దాని హద్దులు. తేమ పీల్చిన పెడాట్ ఆమ్ల గుణంతో ఐటీఓను తింటుంది, పైన గాలియం ఆక్సైడు పొర పెరుగుతుంది.

సరిచూడటానికి అదే రోజు చేసిన ఇంకో సెల్‌ను డ్రై బాక్స్‌లోనే ఉంచాం. వారానికి కరెంటు 85 శాతం మిగిలింది. కాలం కాదు, తేమే శత్రువని దీంతో ఖాయమైంది.

మూత వేయడం: గాలియం చుట్టూ కాప్టన్ గట్టు, దాని మీద మైక్రోస్కోపు కవర్ స్లిప్, అంచుల చుట్టూ రెండు గొట్టాల ఎపాక్సీ. ఎపాక్సీని సెల్ నడిమధ్య పోసిన మొదటి పద్ధతిలో అది గట్టిపడుతూ కుంచించుకుని పొరను ఎత్తేసింది. అంచులకే పూయాలి. కాంటాక్టు తీగ బయటికొచ్చే చోట రెండుసార్లు పూయాలి, తేమ దూరేది అక్కడే. మూత వేసిన సెల్ బయట బల్ల మీద వారానికి 78 శాతం మిగుల్చుకుంది.

ఇప్పటిదాకా: పీ3హెచ్‌టీ 135, పీసీబీఎం 158 మి.గ్రా. గాజు 8.

11వ దశ: జైలీన్, ఇంకా నడుస్తోంది

క్లోరిన్ ఉన్న ద్రావకాల్ని మానాలని మొదటి నుంచీ ఉంది. జైలీన్ పూర్తిగా నిరపాయం కాదు గానీ వాటికన్నా మేలు. 70 డిగ్రీల దగ్గర పీ3హెచ్‌టీ కరిగి నారింజ రంగు ద్రావణం వచ్చింది. రాత్రి చల్లారనిస్తే ఉదయానికి ముదురు ఊదా రంగులో చిక్కబడింది. ద్రావణంలో ఉండగానే గొలుసులు పేర్చుకుని సన్నటి నారలు కట్టాయి. ఇది పారేయాల్సింది కాదు. పొర వేయకముందే అమరిక తయారైతే వేడిచేసే పనే తగ్గుతుంది.

చిక్కు వడపోతలో వచ్చింది. 0.45 మైక్రాన్ల ఫిల్టరు నారలతో మూసుకుపోయింది, ఫిల్టరు దాటిన ద్రావణం నీళ్లలా పలచబడింది. అలా వేసిన పొరకు మందం చాలలేదు, కరెంటు 1.8 దగ్గర ఆగింది. ఇప్పుడు చేస్తున్న మార్పు: వేడిగా ఉన్నప్పుడే వడపోసి, తర్వాత చల్లార్చి, వడపోయకుండా కోటింగ్ వేయడం. ఎంతవరకు చల్లార్చాలో తెలియడానికి నీళ్ల తొట్టిలో గంటకు 5 డిగ్రీల చొప్పున దించుతూ ప్రతి మెట్టు దగ్గరా చుక్క తీసి స్పెక్ట్రం చూస్తున్నాం. 40 డిగ్రీల దాకా 605 దగ్గర ఏమీ లేదు, 35 దగ్గర మొదలైంది. పీసీబీఎంను నారలు కట్టాకే కలపాలని నిర్ణయించాం.

ఇప్పటిదాకా: పీ3హెచ్‌టీ 115, పీసీబీఎం 150 మి.గ్రా. గాజు 5. తర్వాతి విడతకు గాజు కోయించాలి.